తోటి అంటే ఎవరు?

మిత్రులారా, పాఠ్యపుస్తకాల్లో మన వృత్తుల ఊసు ఎక్కడుందో ఈ భాగంలో రాస్తానని పోయిన వారం మాటిచ్చాను. అది వచ్చే వారం రాస్తాను. ఈ వారం జాతర గురించి రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

మే నెలలో మా ఇంటిల్లిపాదీ తిరుపతి గంగ జాతరకు పోయాం. అమ్మ, నాయన, మా ఆయన, నేను, ఏడేళ్ళ మా పిల్లాడు. రెండేళ్ళ కిందట వాడికి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు అమ్మ మొక్కుకుందట, బిడ్డ బతికితే తాతయ్యగుంట గంగమ్మకు వేషం కట్టిస్తానని. ఏ వేషమో మాకు చెప్పలేదు. ఆ రోజు పొద్దున సంచిలోంచి బొగ్గుపొడి పొట్లం తీస్తే తెలిసింది, తోటి వేషమని.

జాతర చూడనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. ఆడవాళ్ళను చెరిచే పాలెగాడొకడు ఉండేవాడు. గంగమ్మ మీద కూడా చెయ్యేశాడు. ఆమె అసలు రూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. వాణ్ణి వెతుక్కుంటూ గంగమ్మ రోజుకో వేషం కట్టింది. బైరాగి, బండ, తోటి, దొర. దొర వేషంలో ఉండగా వాడు బయటికొచ్చాడు, తల తెగింది. ఆ తర్వాత మాతంగి వేషం. అందుకే జాతర వారం రోజులూ కైకాల వంశం మగవాళ్ళు అమ్మవారి వేషాలు కట్టి వీధులు తిరుగుతారు. మొక్కుకున్న జనం కూడా ఏ రోజు వేషం ఆ రోజు వేస్తారు. తోటి వేషం నాడు ఒళ్ళంతా బొగ్గుపొడి పూసుకుంటారు. చిన్నపిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా, ఏ కులమని లేకుండా, ఊరంతా నల్లగా కనిపిస్తుంది.

ఆ పొట్లం చూసి నేను అమ్మ మీద అరిచాను. "మీ మామ బతుకంతా చేసింది అదే పని కదా, మళ్ళీ నా కొడుక్కి పూస్తావా?" అన్నాను. అమ్మ పొడిలో నూనె కలుపుతూనే ఉంది. "పాపా, అది తల్లి కట్టిన వేషం. ఆయమ్మకు లేని నామోషీ నీకెందుకు? నువ్వు చదువుకున్నావు కాబట్టి నీకు సిగ్గు" అంది. నా దగ్గర జవాబు లేదు. మొక్కు ఆమెది. పిల్లాడి బుగ్గలకు నేనే పూశాను.

క్యూలో మా ముందు ఒక కుటుంబం ఉంది. వాళ్ళ అబ్బాయిలిద్దరికీ అదే వేషం. సెల్ఫీలు దిగుతున్నారు, మా వాణ్ణి కూడా పిలిచి పక్కన నిలబెట్టుకున్నారు. మంచివాళ్ళే. అప్పుడు మా వాడు అడిగాడు, "తాతా, తోటి అంటే ఎవరు?"

నాయన మామూలు గొంతుతో చెప్పాడు. "మా నాయన రా. నీకు ముత్తాత."

ముందున్నాయన ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. మళ్ళీ అటు తిరిగాడు. ఆ తర్వాత గుడి దాకా వాళ్ళు మాతో మాట్లాడలేదు.

ఆయన మీద నాకు కోపం లేదు. నా కోపం నా మీదే. బి.ఏ. పిల్లలకు జానపద సాహిత్యం పేపర్లో ఈ జాతరను ఎనిమిదేళ్ళుగా చెప్తున్నాను. బఖ్తిన్ కార్నివాల్ సిద్ధాంతం బోర్డు మీద రాసి, జాతరలో లోకం తలకిందులవుతుంది, మగవాడు ఆడదవుతాడు, కులాలు కరిగిపోతాయి, అగ్రకులం వాడు కూడా తోటి అవుతాడు అని చెప్పేదాన్ని. పిల్లలు రాసుకునేవాళ్ళు. తోటి అంటే ఎవరని ఒక్కరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. తెలియక కాదు, మా తాత పేరు క్లాసులోకి రావడం ఇష్టం లేక. నా కొడుకు ఏడేళ్ళకు అడిగిన ప్రశ్నను, డాక్టరేటు తీసుకున్న నేను ఎనిమిదేళ్ళు దాటేశాను.

కాబట్టి ఇప్పుడు చెప్తాను. ఆదిలాబాద్ తోటి ఆదివాసుల గురించి కాదు, వాళ్ళది వేరే చరిత్ర. మా రాయలసీమ పల్లెల్లో తోటి, వెట్టి అంటే ఊరికి కట్టేసిన మాల మాదిగ మనిషి. టముకు వెయ్యాలి. చావు కబురు మోయాలి. గుంత తియ్యాలి. చచ్చిన గొడ్డును లాగాలి. కరణం వెనకాల శిస్తు లెక్కల మూట మోసుకుని తాలూకా ఆఫీసుకు నడవాలి. వెట్టిచాకిరీ అనే మాటలో ఉన్నది ఈ వెట్టే. కరణం, మునసబు పదవుల్ని 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసింది. ఆ కుర్చీలు పోయాయి. కింద ఉన్న పని మాత్రం పోలేదు. గ్రామ సేవకుడని ఒకసారి, గ్రామ రెవెన్యూ సహాయకుడని ఇంకోసారి పేరు మార్చుకుంది. పట్నంలో తోటి అంటే పాకీ పని చేసేవాడని అర్థం స్థిరపడింది. బడిలో పిల్లలు కొట్లాడుకుంటే నోట్లోంచి వచ్చే తిట్టు కూడా అదే.

ఇప్పుడు కథను ఇంకోసారి చదవండి. అమ్మవారు తోటి వేషం ఎందుకు కట్టింది? ఎవరూ గుర్తుపట్టకుండా ఊరంతా తిరగడానికి. తోటి ప్రతి వీధిలోకీ పోవాల్సినవాడు, ఎవరూ మొహం చూడనివాడు. మనిషిని మాయం చేయడానికి మంత్రం అక్కర్లేదు, తోటి పని ఇస్తే చాలు. ఆ సంగతి కథ చెప్పినవాళ్ళకు తెలుసు. మరి పాలెగాడు ఎప్పుడు బయటికొచ్చాడు? దొర వచ్చాడంటే వచ్చాడు. తోటి వచ్చి వాకిట్లో నిలబడితే ఏ పాలెగాడూ బయటికి రాడు. కులాలు కరిగిపోయిన కథ కాదిది. కులం ఎట్లా పనిచేస్తుందో పూసగుచ్చినట్టు చెప్పిన కథ. పండితులం మేమే దాన్ని కరిగించి చూపించాం.

"దొర వేషం మీవాళ్ళు కూడా వేయొచ్చు కదా, జాతరలో ఎవరాపారు?" అని ఒక సహోద్యోగి అడిగారు. నిజమే, ఎవరూ ఆపరు. ఆ వేషాన్ని జాతర దాటించి చూడమనండి. 2017లో గుజరాత్‌లో మీసం పెంచినందుకు దళిత యువకుల్ని కొట్టారు. పెళ్ళిలో గుర్రమెక్కినందుకు దించిన వార్తలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. మన చుండూరు సంగతి మర్చిపోయామా? టికెట్ కొనుక్కుని కూర్చున్న సినిమా హాల్లో ఒక దళిత విద్యార్థి కాలు తగిలిందన్న గొడవ, 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపేదాకా పోయింది. వాళ్ళు ఒక రోజు తోటి అయితే మొక్కు తీరుతుంది, పుణ్యం వస్తుంది. మనం ఒక రోజు దొరలా కనిపిస్తే ప్రాణం పోతుంది. దీన్ని తలకిందులవడం అని ఏ సిద్ధాంతం అంటుంది?

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ చదవండి. ఊరేగింపుల్లో, జాతరల్లో పాల్గొనకుండా దళితుల్ని అడ్డుకోవడం నేరమని అందులో రాసి ఉంది. జాతర అనే మాట పార్లమెంటు చట్టంలోకి ఎక్కిందంటే ఎన్ని జాతరల్లో మనవాళ్ళను గెంటేసి ఉంటారో ఆలోచించండి. కులాలు కరిగిపోయే చోటికి చట్టంతో పనేముంది?

దర్శనం అయ్యాక పిల్లాడికి ఐస్‌క్రీం కొనిచ్చి, ఒక కొళాయి దగ్గర మొహం కడిగాం. చుట్టూ అందరూ కడుక్కుంటున్నారు. నల్లనీళ్ళు కాలువలోకి పోతున్నాయి. వేపమండలు, ప్లాస్టిక్ గ్లాసులు, పొంగళ్ళ బూడిద అడ్డంపడి కాలువ నిండింది. ఒక పెద్దావిడ చేత్తోనే తీస్తోంది. చేతికి తొడుగు లేదు. ఒంటి మీద బొగ్గుపొడి కూడా లేదు. ఆమె పక్కనుంచే వేషం కడుక్కున్నవాళ్ళు ముక్కు మూసుకుని పోతున్నారు. పొద్దున ఎవరి వేషం కట్టారో, సాయంత్రం ఆ మనిషే ఎదురైతే గుర్తుపట్టలేదు. నేనూ గుర్తుపట్టేదాన్ని కాదు, నాయన ఆగి "ఏమ్మా, కూలి దినానికి ఎంతిస్తారు?" అని అడగకపోయి ఉంటే.

చేత్తో మలం ఎత్తించడాన్ని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం నిషేధించాయి. కోలార్ బంగారు గనుల్లో పాకీ పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ దేశమంతా తిరిగి పోరాడితే అంత మాత్రమైనా కదిలింది. మురుగు కాలువల్లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు పరిహారం 30 లక్షలకు పెంచమని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. చావుకు రేటు పెరిగింది. చావు ఆగలేదు.

జాతర ఆపమని నేను అనడం లేదు. అమ్మ మాటలో బలముంది. మన వేషాన్ని కట్టడానికి సిగ్గుపడని దేవత ఆమెకు అండ. ఆ అండతోనే మనవణ్ణి బతికించుకున్నానని నమ్ముతుంది. ఆ నమ్మకాన్ని గేలి చేసే హక్కు నాకు లేదు. నా గొడవ వేషాన్ని చూసి సమానత్వం వచ్చేసిందని వ్యాసాలు రాసేవాళ్ళతో, రాసిన నాతో.

తెలుగు ఎం.ఏ. చేస్తున్న, పరిశోధనలో ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ క్లాసులో జాతర పాఠం వచ్చినప్పుడు లేచి నిలబడి నా కొడుకు అడిగిన ప్రశ్న అడగండి. తోటి అంటే ఎవరు? ఆ పని ఇవాళ ఎవరు చేస్తున్నారు? కూలి ఎంత? పర్మినెంటా, కాంట్రాక్టా? జాతర మీద సిద్ధాంత గ్రంథం రాస్తే వేషాల ఫోటోలతో పాటు, మరునాడు వీధులూడ్చిన మనిషి మాట కూడా ఒక అధ్యాయంగా రాయండి.

జూన్‌లో కాలేజీ తెరిచాక నేను అదే పాఠం మళ్ళీ చెప్పాను. ఈసారి బోర్డు మీద మొదట మా తాత పేరు రాశాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి చెయ్యెత్తి, "మేడమ్, మా అవ్వ మున్సిపాలిటీలో చేస్తుంది" అంది. మూడేళ్ళ చదువులో ఆ అమ్మాయి క్లాసులో నోరు విప్పడం అదే మొదటిసారి.

జై భీమ్.