ప్రణాళిక వాడది, సమీక్ష ఎవరిది?

ఏటా అక్టోబర్ 2న దేశమంతటా గ్రామసభలు జరుగుతాయి. వచ్చే ఏడాది ఊరికి ఏం కావాలో ఊరి జనమే చెప్పాలని, దాన్నే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికగా రాసుకోవాలని 2018 నుంచి కేంద్ర ప్రభుత్వం ప్రజా ప్రణాళిక ప్రచారం నడుపుతోంది. బ్యానర్ కడతారు, ఫొటో తీస్తారు, తీర్మానాల పుస్తకంలో సంతకాలు పెట్టిస్తారు. కానీ చాలా సభల్లో ఒక ప్రశ్న మాత్రం వినిపించదు. పోయిన ఏడాది ఇదే చోట కూర్చుని రాసుకున్న పనులు ఏమయ్యాయి?

ఆ ప్రశ్న అడగకపోతే ఎవరికి నష్టం? ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్లకు పెద్దగా నష్టం లేదు. వాళ్ల వీధిలో పని ఆగితే సర్పంచ్ ఇంటికి వెళ్లి అడగగలరు, మండల ఆఫీసుకు ఫోన్ చేయగలరు. ఆ దారులు లేని వాడకు బహిరంగ సమీక్ష ఒక్కటే ఆధారం. అందుకే ప్రణాళిక తయారీలో దళితుల భాగస్వామ్యం గురించి ఎంత మాట్లాడుకున్నా, దాని అమలును దళితులే తనిఖీ చేసే హక్కు గురించి మాట్లాడకపోతే ఆ చర్చ సగంలోనే ఆగినట్టు.

చట్టం కాగితం మీద ఇచ్చింది తక్కువేమీ కాదు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. 243ఎ అధికరణ గ్రామసభకు రాజ్యాంగ గుర్తింపునిచ్చింది. ఆర్థికాభివృద్ధి, సామాజిక న్యాయం కోసం ప్రణాళికలు వేసే అధికారాన్ని పంచాయతీలకు అప్పగించడానికి 243జి వీలు కల్పించింది. సామాజిక న్యాయం అనే మాట అందులో అలంకారంగా రాలేదు, ప్రణాళిక లక్ష్యంగానే ఉంది. డబ్బు కూడా వస్తోంది. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. అయితే ఇందులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుధ్యానికే పరిమితం చేసింది. ఊరు తన ఇష్టప్రకారం ఖర్చు చేసుకోగలిగింది మిగిలిన 40 శాతమే. ఇంత ఇరుకైన చోట ఎవరి అవసరం ముందు వరుసలోకి వస్తుందన్నదే అసలు రాజకీయం.

ఊరు ఒకే మాట మీద నడిచే సమాజమన్న ఊహను అంబేద్కర్ ఎన్నడూ ఒప్పుకోలేదు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ ముసాయిదాను సభ ముందు పెడుతూ, గ్రామాన్ని కాకుండా వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు ఆయన సంతోషం వ్యక్తం చేశారు. అదే నెల 22న గ్రామ పంచాయతీల గురించిన సవరణను, అంటే నేటి 40వ అధికరణను, ఆయన అంగీకరించారు. ఈ రెంటినీ కలిపి చదివితే మనకో దారి దొరుకుతుంది. పంచాయతీ ఉండనీ, అధికారం కిందికి రానీ. కానీ ఆ కింద ఉన్నది సమానుల సమూహమని అనుకోకూడదు. 'నివాసితులు' అనే ఒక్క మాటలో భూస్వామీ ఉంటాడు, అతని పొలంలో కూలికి వెళ్లే మనిషీ ఉంటుంది. ఇద్దరి చేతా ఒకే పుస్తకంలో సంతకం పెట్టించినంత మాత్రాన ఇద్దరి ప్రణాళిక ఒకటైపోదు.

ప్రధానమంత్రి ఆదర్శ్ గ్రామ్ యోజన ఈ విషయాన్ని కొంతవరకు గుర్తించింది. ఎస్సీ జనాభా ఎక్కువగా ఉన్న గ్రామాల కోసం 2009-10లో వెయ్యి ఊళ్లలో ప్రయోగాత్మకంగా మొదలైన ఈ పథకం ఇప్పుడు పీఎం-అజయ్‌లో భాగం. ఇంటింటి సర్వే చేస్తారు, గ్రామ అభివృద్ధి ప్రణాళిక రాస్తారు, వివిధ శాఖల పథకాలను అక్కడికి మళ్లిస్తారు, ఇంకా మిగిలిన లోటును పథకం నిధులతో పూడుస్తారు. ప్రగతిని కొలవడానికి పది రంగాల్లో 50 సూచికలు పెట్టారు. తాగునీరు-పారిశుధ్యం, విద్య, ఆరోగ్యం-పోషకాహారం, సామాజిక భద్రత, రోడ్లు-ఇళ్లు, విద్యుత్తు-వంటగ్యాస్, వ్యవసాయ పద్ధతులు, బ్యాంకు సేవలు, డిజిటల్ సదుపాయాలు, జీవనోపాధి-నైపుణ్యాలు. ఇవన్నీ కావలసినవే. వీటిలో దేన్నీ చిన్నచూపు చూడలేం.

కానీ ఆ పది రంగాల్లో అంటరానితనం లేదు. భూమి యాజమాన్యం ఒక రంగంగా లేదు. శ్మశానానికి దారి, గుడి ప్రవేశం, చెరువు మీద హక్కు, బడిలో వంట చేసే దళిత మహిళ చేతి అన్నం పట్ల పెద్ద కులాల వైఖరి, దాడి జరిగితే కేసు నమోదైందా లేదా అన్నవి ఏ రంగం కిందికీ రావు. ఎస్సీల కోసమే పెట్టిన పథకం కులాన్ని కొలవకుండానే ఒక ఊరిని ఆదర్శ గ్రామమని ప్రకటించగలదు. కొలబద్దలో లేనిది సమీక్షలోకి రాదు. సమీక్షలోకి రానిది మరుసటి ఏడాది ప్రణాళికలోంచి కూడా జారిపోతుంది.

పరిశోధన కోసం తిరిగినప్పుడు కృష్ణా డెల్టాలోని ఒక ఊళ్లో ఇది కళ్లారా చూశాను. వాడలోని ఆడవాళ్లు గ్రామసభలో మొదటి పనిగా శ్మశానానికి బాట అడిగారు. శవాన్ని మోయాలంటే ఇతరుల పొలం గట్టు మీదుగా వెళ్లాలి. నాట్లు పడ్డాక ఆ గట్టు తొక్కనివ్వరు. ఆ కోరిక ప్రణాళికలో నమోదైంది. మరుసటి ఏడాది సమీక్ష పత్రంలో సీసీ రోడ్డు పూర్తి, వీధి దీపాలు పూర్తి, కుళాయిలు పూర్తి అని ఉంది. బాట ఊసే లేదు. అడిగితే, భూసేకరణ అవసరం కాబట్టి తీసేశామన్నారు. ఆ మాట వాడలో ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. ఒక పెద్దావిడ నాతో అన్నది: "లైట్లు ఏశారు, మంచిదే నాయనా. సచ్చినోళ్లని ఎటేపు మోసుకుపోవాలో ఏ కాయితంలో రాశారు?"

ఆ పత్రంలో రాసిన అంకెలేవీ అబద్ధం కాదు. రోడ్డు వేశారు, దీపాలు వెలిగాయి. అయినా ఆ సమీక్ష అబద్ధం చెప్పింది. భూమి ఉన్నవాడితో పేచీ పెట్టుకోనక్కరలేని పనులన్నీ పూర్తయ్యాయి, పెట్టుకోవాల్సిన పని మాయమైంది. వాడకు వచ్చిన అభివృద్ధి ఎక్కడ ఆగుతుందో ఆ గట్టు చూపిస్తోంది.

కేరళ అనుభవం దీన్నే పెద్ద స్థాయిలో చెబుతుంది. 1996లో అక్కడ మొదలైన ప్రజా ప్రణాళికోద్యమం రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు అప్పగించింది. దేశంలో అంతటి వికేంద్రీకరణ మరెక్కడా జరగలేదని చెప్పొచ్చు. కానీ భూసంస్కరణల్లో గుడిసె చుట్టూ కొన్ని సెంట్లు మాత్రమే దక్కిన దళితులకు సాగుభూమిని ఆ ప్రణాళికలు ఇవ్వలేకపోయాయి. పదేళ్లు దాటాక, 2007లో, చెంగరలో భూమిలేని దళిత ఆదివాసీ కుటుంబాలు రబ్బరు తోటలో గుడిసెలు వేసి ఉద్యమించాల్సి వచ్చింది. వికేంద్రీకరణ అవసరమే. భూమి ప్రశ్నను పక్కన పెట్టినచోట దానికో హద్దు ఉంటుంది.

మన రెండు రాష్ట్రాల్లో ఇంకో ఆయుధం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013లో ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం చేసింది. జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించాలన్న విధాన సూత్రం దానితో చట్టబద్ధమైంది. తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చుకుంది. దళిత సంఘాల దీర్ఘకాల పోరాట ఫలితమిది. అయితే ఈ చట్టాల కింద సమీక్ష ఎక్కువగా రాష్ట్ర స్థాయి మండళ్లు, నోడల్ ఏజెన్సీల చేతుల్లోనే ఉంది. శాఖలు ఎంత ఖర్చు చేశాయన్నది వాళ్ల లెక్క. అందరికీ వర్తించే పథకాల్లో ఎస్సీల వాటా అంటూ కాగితం మీద చూపే ఖర్చు ఏ వాడలో ఏ పనిగా మారిందన్నది వాడవాసులు అడగాల్సిన లెక్క. ఆ రెండో లెక్క చెప్పే వేదిక ఊళ్లో లేదు.

ఆ వేదికను ఎలా కట్టాలో మనకు తెలియనిదేం కాదు. ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ సామాజిక తనిఖీని తప్పనిసరి చేసింది. ఆంధ్రప్రదేశ్ దాన్ని 2006 నుంచే చేపట్టి, 2009లో ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసింది. కూలీల కుటుంబాల నుంచి వచ్చిన యువతే మస్టర్ రోల్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, 'నీ పేరున ఇన్ని రోజులు రాశారు, నిజమేనా?' అని అడిగారు. మండల ప్రజావేదికలో అధికారుల ఎదుటే ఆ జవాబులు చదివారు. కాజేసిన సొమ్ము రికవరీ అంతంతమాత్రమేనన్నది నిజం. అయినా రికార్డును జనం ముందు పైకి చదవడమనే పద్ధతికి విలువ ఉంది. మేఘాలయ 2017లో సామాజిక తనిఖీకి ప్రత్యేక చట్టమే చేసి దాన్ని అనేక పథకాలకు విస్తరించింది. గ్రామ ప్రణాళికకూ, ఉపప్రణాళికకూ అదే పద్ధతి ఎందుకు వర్తించకూడదు?

కాబట్టి అడగవలసినవి స్పష్టంగా అడుగుదాం. గ్రామసభకు ముందు వాడసభ జరగాలి. అది వాడలోనే, కూలి పనుల నుంచి వచ్చాక సాయంత్రం వేళ జరగాలి. పొద్దున పది గంటలకు పంచాయతీ ఆఫీసు దగ్గర పెట్టే సభకు రోజు కూలి వదులుకుని ఎవరు వస్తారు? ఆ సభలో కొత్త కోరికలు రాసేముందు పాత ప్రణాళికను పనిపనిగా చదవాలి. ఏది పూర్తయింది, ఏది సగంలో ఉంది, దేన్ని తీసేశారు? తీసేసిన ప్రతి పనికీ ఎవరు, ఎందుకు తీసేశారో రాతపూర్వకంగా చెప్పాలి. ఖర్చును ఊరి మొత్తానికి కాకుండా వాడల వారీగా విడదీసి గోడ మీద రాయాలి. సూచికల్లో అంటరానితనం, భూమి, శ్మశానం చేరాలి.

సభలో నిలబడి మాట్లాడిన మనిషి మర్నాడు పని పోగొట్టుకోకుండా, దెబ్బలు తినకుండా చూడటం కూడా సమీక్షలో భాగమే. అత్యాచార నిరోధక చట్టం నియమాల ప్రకారం జిల్లా నిఘా, పర్యవేక్షణ కమిటీ మూడు నెలలకోసారి సమావేశం కావాలి. వాడసభల్లో వచ్చిన ఫిర్యాదులు నేరుగా ఆ కమిటీ ఎజెండాకు వెళ్లాలి.

చివరిగా మన గురించి. విశ్వవిద్యాలయాల నుంచి వాడలకు వెళ్లి సర్వేలు చేసేది, పటాలు గీయించేది, ఇంటర్వ్యూలు తీసుకునేది మనమే. ఆ సమాచారం థీసిస్‌గా మారుతుంది, మనకు డిగ్రీ వస్తుంది. వాడకు దాని కాపీ కూడా మిగలదు. ప్రణాళిక పత్రాలను పోర్టల్ నుంచి దించి, తెలుగులో వాడసభలో చదివి వినిపించడానికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు. సమాచార హక్కు దరఖాస్తు రాయడానికి ఒక సాయంత్రం చాలు. చదువుకున్నవాళ్లు సమాజానికి రుణం తీర్చుకోవాలని అంబేద్కర్ ఆశించిన మాటను సభల్లో తలుచుకుంటూ ఉంటాం. తీర్చుకునే చోట్లలో ఇదొకటి.

ఆ డెల్టా ఊళ్లో మళ్లీ గ్రామసభ జరుగుతుంది. పుస్తకం తెరవగానే కొత్త పేజీలో రాయడం మొదలుపెట్టనివ్వకూడదు. పాత పేజీలోని మొదటి పని ఏమైందో చెప్పాకే సభ ముందుకు సాగాలి.