గేటు నుంచి 50 మీటర్లు



సాయంత్రం నాలుగున్నరకు మన హైదరాబాద్‌లో ఏ స్కూలు గేటు దగ్గరైనా పది నిమిషాలు నిలబడి చూడండి. లాంగ్ బెల్ కొట్టగానే పిల్లలంతా నూడుల్స్ బండి చుట్టూ మూగుతారు. మరిగి మరిగి నల్లబడ్డ నూనెలో గోబీ మంచూరియా వేగుతుంటుంది. పక్క షాపులో కోలా. 300 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 30 గ్రాముల చక్కెర! తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజు మొత్తానికి 25 గ్రాములు దాటొద్దంటోంది.

పిల్లల్ని తిట్టి లాభం లేదు. పొద్దున కట్టిన బాక్సు మధ్యాహ్నానికే ఖాళీ. గంటలో ట్యూషన్. జేబులో డబ్బులున్నాయి, ఎదురుగా బండి ఉంది. ఇంకేం తింటారు? ఆడి తిన్నది కరిగించుకుందామన్నా, చాలా స్కూళ్లకు గ్రౌండే లేదు. పదో తరగతికి వచ్చేసరికి ఆటల పీరియడ్‌ను లెక్కల క్లాసు మింగేస్తుంది. ఈ వయసులో పట్టిన లావు చాలామందిని పెద్దయ్యాకా వదలదు. షుగరు, బీపీ, కాలేయంలో కొవ్వు దాని వెంటే వస్తాయి. లావున్న పిల్లల్ని ఎగతాళి చేయడం మాత్రం దయచేసి మానండి. తప్పు వాళ్లది కాదు.

నిబంధన ఇప్పటికే ఉంది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న పదార్థాలను స్కూల్లోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపలా అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లోనే ఉత్తర్వు ఇచ్చింది. అమలు చేసేవాళ్లే లేరు. గుడ్డు మయోనైజ్‌ను 2024లో తెలంగాణ ప్రభుత్వం నిషేధించింది కదా, ఇది మాత్రం ఎందుకు చేతకాదు?

బండివాళ్ల పొట్ట కొట్టమని మేం అడగడం లేదు. వాళ్లకూ పిల్లలున్నారు. అదే చోట ఉడకబెట్టిన పల్లీలు, శనగ గుగ్గిళ్లు, మొక్కజొన్న పొత్తులు, జామకాయ ముక్కలు అమ్ముకోనివ్వండి. బేరం పడిపోకుండా మొదటి కొన్ని నెలలు స్కూలే రోజూ కొంత సరుకు కొనాలి. ఆటల పీరియడ్‌ను పదో తరగతికీ కచ్చితంగా ఉంచాలి. జూనియర్ కాలేజీల ముందు కూడా ఇదే దూరం పాటించాలి. ఇంటర్ పిల్లలూ బయటి తిండి తింటారు.

ఈ శనివారం సాయంత్రం 4 గంటలకు మన స్కూలు గేటు దగ్గరికి రండి. టేపుతో 50 మీటర్లు కొలిచి సున్నంతో గీత గీద్దాం. జీహెచ్ఎంసీ ఫుడ్ సేఫ్టీ అధికారికి ఇచ్చే అర్జీ మీద అక్కడే సంతకాలు చేద్దాం.

— కాలనీ తల్లిదండ్రులు