చొక్కాను చూచి మనిషిని తూచే సాహిత్యం



మన కథలలో ఒక దుస్సంప్రదాయం పాతుకొనిపోయింది. చిరిగిన చొక్కా కనిపిస్తే పేదవాడు, ఇస్త్రీ మడత కనిపిస్తే పెద్దమనిషి! అంతటితో రచయిత పని ముగిసినట్లే. ఆ చొక్కా ఎవరి కష్టార్జితంతో కొన్నది, ఎవరు ఉతికినది, ఎవరి యెదుట నిలబడటానికి తొడుక్కొన్నది అని అడిగేవారు లేరు.

దుస్తులు చెప్పకపోతే పాత్ర అంతస్తు పాఠకునికి ఎలా తెలుస్తుందని కొందరి వాదన. వారికి కలకత్తా సాహిత్యమే సమాధానం. రవీంద్రుని ‘ఠాకుర్దా’ కథలో నయన్‌జోడ్ జమీందారులు ఢాకా మల్మలు అంచు ఒంటికి గరుకుగా తగులుతున్నదని చించివేసి కట్టేవారు. ఆ వంశంలో చివరివాడైన కైలాసబాబు కలకత్తాలో లేమి అనుభవిస్తూ, తలుపులు మూసుకొని తన బట్టలకు తానే కుచ్చిళ్లు తీర్చుకొంటాడు. లోకానికి అతడు జమీందారు. గదిలో తన దుస్తులకు తానే నౌకరు! ఇక్కడ వస్త్రం ఐశ్వర్యాన్ని చాటడం లేదు, దాని పతనాన్ని కప్పిపుచ్చుతున్నది.

1916లో గ్రంథరూపం పొందిన ‘ఘరే బాయిరే’ ఇంకా లోతుకు పోయింది. విదేశీ వస్త్రాలు అమ్ముకొనే పేద రైతు పంచును జమీందారు హరీశ్ కుండు పట్టి, వాటిని తగులబెట్టమంటాడు. తాను పేదవాడిననీ, ధనవంతులైన తమరే కొని కాల్చవచ్చుననీ పంచు అంటాడు. అందుకు ప్రతిఫలం చెప్పుదెబ్బలు! దేశభక్తి జమీందారుది, బూడిదైన బట్ట పంచుది.

ఇది కల్పనకే పరిమితమా? 1874లో కలకత్తా మ్యూజియానికి వెళ్లిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుని, దేశీయ చెప్పులు విడిచిరమ్మని వాకిట నిలిపివేశారు. విలాయతీ బూట్లకు ఆ ఆంక్ష లేదు. ఆయన వెనుదిరిగి, అధికారులకు లేఖ వ్రాసి నిలదీశాడు. అంతటి పండితుని పాండిత్యం కంటె పాదరక్షలే ముందు కనబడ్డాయి!

గార్డెన్ రీచ్‌లోను, ఖరగ్‌పూరులోను తరతరాలుగా రైల్వే కొలువు చేసిన తెలుగువారికి ఈ తూకం కొత్త కాదు. 2017లో ప్రభుత్వం దుస్తుల భత్యాన్ని నిర్ణయించినప్పుడు స్టేషన్ మాస్టరుకు ఏడాదికి 10,000 రూపాయలు, ట్రాక్‌మన్‌కు 5,000 రూపాయలు! ఎండలో, కంకరలో, గ్రీజులో బట్ట త్వరగా చిరిగేది ఎవరికి? స్టేషన్ మాస్టరుకు ఇచ్చినది ఎక్కువ అని మన వాదన కాదు. ట్రాక్‌మన్‌కు ఇచ్చినది తక్కువ అని. అయితే, తెల్లచొక్కా గుమస్తా ఖాకీ సోదరుని ప్రక్కన కూర్చొని టీ త్రాగడానికి సంకోచిస్తే, ఈ తేడాను ఏ నోటితో ప్రశ్నించగలం?

కనుక, కథలు వ్రాసే మిత్రులారా! కార్మికునికి చిరుగులు తొడిగి జాలి అడుక్కోకండి. ఆ చిరుగు ఎక్కడ పడింది, దానికి జవాబుదారీ ఎవరు అన్నది వ్రాయండి. మనకు కావలసినది కన్నీరు కాదు, లెక్క!