పెరట్లో పనస... ఫోనులో పనీరు

సోంపేట : “వండుకున్నమ్మకు ఒకటే కూర, అడుక్కున్నమ్మకు అరవై కూరలు” అన్నది పాత సామెత. ఇల్లిల్లూ తిరిగిన గిన్నెలో అరవై రుచులు చేరతాయి. పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలికి మాత్రం ఆ పూట తాను వండిందే దిక్కు. సెల్‌ఫోను పల్లెకు వచ్చిన తరువాత ఈ సామెత తిరగబడింది. ఇప్పుడు వండుకునే అమ్మకే అరవై కాదు, ఆరువందల కూరలు అరచేతిలో కనిపిస్తున్నాయి. ఈ పూట ఏం వండాలన్న బెంగ తీరింది. వండినది ఎవరి ఒంటికి పడుతుంది, ఎవరి ఒంటికి పడదు అన్న బెంగ మాత్రం మిగిలే ఉంది. ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు వరకు ఉద్దానం పల్లెల్లో ఈ రెండో బెంగ చిన్నది కాదు.

ఉద్దానం ఇళ్లలో నీచు ముట్టని రోజులు తక్కువేమీ కాదు. సోమవారం, శనివారం, కార్తీకం, అయ్యప్ప దీక్షలు, పండుగలు, నోములు లెక్కవేస్తే ఏడాదిలో చాలా రోజులు అవే. సముద్రం పక్కనే ఉండి చేపకు అలవాటుపడిన నాలుకకు ఆ రోజుల్లో పప్పు, వేపుడు తప్ప మరొకటి తోచదు. అందుకే ఆడవారు ఫోను తెరుస్తున్నారు. అందులో తప్పు లేదు. పొద్దున్నుంచి తోటలోనో, జీడిపప్పు బట్టీలోనో పనిచేసి వచ్చిన మనిషి, కాసేపు కొత్త వంట చూసి చేసుకుందామనుకుంటే ఎవరూ ఆక్షేపించనక్కరలేదు.

వచ్చిన చిక్కల్లా ఫోను చూపించే సరుకు ఉద్దానం సరుకు కాకపోవడమే. శివరాత్రి వెళ్లిన తరువాత ఒక శనివారం ఏ ఇంటికి వెళ్లినా ఇలాంటి మాటలు వినిపిస్తాయి.

“ఏటమ్మా అది? ఇరిగిపోయిన పాలు డబ్బెట్టి కొన్నారేటి?”

“పనీరు అత్తా. ఫోనులో సూసి సేత్తన్నాను.”

“మరి పెరట్లో పనసకాయ ఏటి సేసింది?”

అత్త అడిగిన ప్రశ్నకు జవాబు లేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టుగా, పెరటి కాయ వంటకు పనికిరాకుండా పోతున్నది.

పొరుగువారు గుర్తించిన కాయ

కంచిలి, కవిటి, సోంపేట ప్రాంతాల నుంచి సీజనులో పనసకాయలు లారీలకెత్తి ఒడిశాకు, ఆపైకి పోతాయి. లేత పనసకాయను బెంగాలీలు “చెట్టుకు కాసిన మేక” అన్న అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. మాంసంలాగే మసాలా పెట్టి వండుకుంటారు. ఒడియా ఇళ్లలో లేత పనస కూర పెళ్లి భోజనాల్లో పెద్ద వంట. కేరళ ప్రభుత్వం 2018లో పనసను రాష్ట్ర ఫలంగా ప్రకటించింది. పాశ్చాత్య దేశాల్లో మాంసం మానేసినవారు లేత పనసను డబ్బాల్లో కొనుక్కుని మాంసానికి బదులుగా తింటున్నారు. అంటే, ఉద్దానం కోడలు ఫోనులో దూరదేశపు వంట వెతుకుతుంటే, ఆ దూరదేశం వారు ఉద్దానం పెరట్లోని కాయ కోసం వెతుకుతున్నారన్నమాట.

పనసపొట్టు కూర చేయడానికి ఓపిక కావాలన్నది నిజమే. చేతికి నూనె రాసుకోకపోతే జిగురు వదలదు. పొట్టు సన్నగా కొట్టాలి. పసుపు, ఉప్పు వేసి ఉడికించి, నీరు పిండి, చింతపండు పులుసు పట్టించి, పోపు పెట్టి, పొయ్యి దించిన తరువాత ఆవపిండి కలపాలి. ఆవ ముందే పడితే చేదెక్కుతుంది. ఈ చివరి కిటుకు చాలామంది కొత్త కోడళ్లకు తెలియదు. చెప్పే అత్తలు తగ్గిపోతున్నారు. అత్త చెప్పే ఆ మాటనే ఫోను చెప్పినా మంచిదే.

పనస పిక్కలు నిప్పుల్లో కాల్చుకున్నా, వంకాయతో కలిపి వండినా కమ్మగా ఉంటాయి. వేసవిలో పచ్చి జీడిగింజలు చీల్చి తీసిన లేత పప్పు, మునక్కాడతో కలిస్తే విందు భోజనమే. ఇవిగాక కంద, పెండలం, అరటిపువ్వు, అరటిదూట, మునగాకు, గోంగూర, పొన్నగంటి ఉండనే ఉన్నాయి. కొత్త వంట కావాలంటే మొదట పక్క గడప తొక్కితే చాలు. ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇళ్లలో చేసే దాల్మా చూడండి. కందిపప్పులోనో పెసరపప్పులోనో నాలుగు రకాల కూరగాయలు వేసి ఒకే గిన్నెలో ఉడికించి, పైన కాస్త నేతిపోపు, వేయించిన జీలకర్ర, మిరప పొడి చల్లుతారు. నూనె తక్కువ, శ్రమ తక్కువ, పప్పూ కూరా ఒకేచోట. దీనికంటే చవకైన, బలమైన శాకాహారం వెతికినా దొరకదు.

జీడిమామిడి పండు మాటేమిటి? గింజ ఒలుచుకుని పండును తోటలోనే పారవేయడం ఇక్కడ అలవాటు. సి విటమినులో అది నారింజను మించినది. గంజితోనో సగ్గుబియ్యం జావతోనో ఒగరు తేర్చి షరబత్తు చేసే పద్ధతులు కేరళలో వాడుకలో ఉన్నాయి. ఫోను చూసేవారు చూడవలసినవి ఇలాంటివి.

అందరికీ ఒకే మందు కాదు

ఇంతవరకు చెప్పినది రుచి సంగతి. అసలు జాగ్రత్త పడవలసింది “ఆరోగ్య వంట” అన్న పేరుతో వచ్చే సలహాల విషయంలో. రోజూ చోడి జావ తాగండి, రోజూ కొబ్బరినీళ్లు తాగండి, ఆకుకూర రసం పరగడుపున పుచ్చుకోండి, తెల్లన్నం మానేయండి అని ఫోనులో చెప్పేవారు కోకొల్లలు. ఆరోగ్యవంతుల విషయంలో వీటిలో చాలావరకు మంచి మాటలే. చోళ్లలో వంద గ్రాములకు సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే తెల్లబియ్యంలో 10 మాత్రమే. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది కూడా.

కాని ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఏళ్ల తరబడి కుటుంబాలను తినేస్తున్నది. కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ తేల్చలేదు. కిడ్నీ దెబ్బతిన్న మనిషి శరీరం పొటాషియం, భాస్వరం అనే లవణాలను సరిగా బయటికి పంపలేదు. రక్తంలో పొటాషియం మితిమీరితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. ఒక గ్లాసు కొబ్బరినీళ్లలో పొటాషియం సుమారు 600 మిల్లీగ్రాములు. వంద గ్రాముల పనస తొనల్లో 400 పైమాటే. చోళ్లలోనూ, ఆకుకూరల్లోనూ, జీడిపప్పులోనూ అది బాగానే ఉంటుంది. తెల్లబియ్యంలో తక్కువ. అంటే, ఆరోగ్యవంతుడికి అమృతంగా చెప్పిన పదార్థమే జబ్బు ముదిరిన మనిషికి విషం కావచ్చు. ఆరోగ్యవంతుడు తగ్గించుకోవలసిన తెల్లన్నమే ఆ రోగికి మేలు కావచ్చు.

ఉద్దానం వంటంటే కొబ్బరి, జీడి, పనస. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద, పెరిగే పిల్లవాడికీ డయాలసిస్ చేయించుకునే తాతకూ ఇల్లాలు వండాలి. హైదరాబాదులోనో, అమెరికాలోనో కూర్చుని వీడియో తీసేవారికి ఆ తాత సంగతి తెలియదు. వారికి ఎంతమంది చూస్తే అంత రాబడి. “కిడ్నీలను కడిగేసే కషాయం” అన్న శీర్షిక పెడితే ఎక్కువమంది చూస్తారు. కిడ్నీలో రాయి వేరు, కిడ్నీ చెడిపోవడం వేరు అన్న ముక్క చెబితే అంతమంది చూడరు. రాయి ఉన్నవారికి ఎక్కువ నీళ్లు తాగమని వైద్యులే చెబుతారు. కిడ్నీలు చెడి, ఒంట్లో నీరు చేరినవారికి నీళ్లే కొలత పెట్టి తాగమంటారు. ఇంత తేడా ఉన్న విషయాన్ని రెండు నిమిషాల వీడియో చూసి పాటించడం కొరివితో తల గోక్కోవడమే.

మరో ఉదాహరణ చూడండి. రక్తపోటుకు మంచిదని సోడియం తగ్గించిన ఉప్పు పొట్లాలు అమ్ముతున్నారు. వాటిలో చాలావాటికి సోడియం తగ్గించిన చోట పొటాషియం కలుపుతారు. అది కిడ్నీ రోగికి తగనిది. కూరగాయలు ఉడికించిన నీరు పారబోయవద్దు, విటమిన్లు పోతాయి అని మరొకరు చెబుతారు. ఆరోగ్యవంతుల విషయంలో అది సరైన మాటే. కాని పొటాషియం తగ్గించుకోవాలని డాక్టరు చెప్పిన రోగికి, ముక్కలు చిన్నగా తరిగి ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీరు వార్చేయడమే పద్ధతి. అలా చేస్తే కొంత తగ్గుతుంది. పప్పు సంగతీ అంతే. డయాలసిస్‌కు ముందు మాంసకృత్తులు తగ్గించమంటారు, డయాలసిస్ మొదలైన తరువాత పెంచమంటారు. అంతా రక్తపరీక్షను బట్టి, జబ్బు దశను బట్టి ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్న ప్రతివారూ కొబ్బరి, పనస పూర్తిగా మానాలని కూడా కాదు. ఎవరికి ఎంత అన్నది చెప్పవలసింది డాక్టరు, ఫోను కాదు.

అందరికీ వర్తించే మాట ఒకటుంది. అది ఉప్పు. పెద్దవారు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చెంచాకు మించకుండా ఉప్పు వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఊరగాయ, అప్పడం, ఉప్పుమిరపకాయ, ఉప్పుచేప, సాసులు పోసిన వంటలు ఈ లెక్కను ఒక్క పూటలోనే దాటిస్తాయి. నీచు లేనంత మాత్రాన ఏ వంటా ఆరోగ్య వంట అయిపోదు. నూనెలో వేగి, సాసులో దొర్లిన గోబీ మంచూరియా శాకాహారమే, ఆరోగ్యాహారం మాత్రం కాదు. పుల్లని మజ్జిగ, నిమ్మరసం, వెల్లుల్లి, జీలకర్ర, ఆవ వంటి వాటితో రుచి పెంచి ఉప్పు తగ్గించే నేర్పు పాతతరం ఆడవారి చేతిలో ఉంది. దానిని నేర్చుకోవాలి.

చూడటమే కాదు, చూపించాలి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు తీరాన్ని తాకినప్పుడు, తాతలు నాటిన కొబ్బరి, జీడి, పనస చెట్లు ఒక్క రాత్రిలో నేలకూలాయి. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకు రావడానికే ఏళ్లు పడుతుంది. చెట్లు పోయినప్పుడు అందరూ ఏడ్చారు. అధికారులు వచ్చి లెక్క రాసుకున్నారు. చెట్టుతోపాటు పోయే వంటకు మాత్రం లెక్క రాసేవారు ఎవరూ ఉండరు. ఒక ముసలమ్మ కన్నుమూస్తే ఆమెతోపాటు పది కూరలు పోతాయి.

ఆ నష్టాన్ని ఆపే సాధనం అదే ఫోను. ఆంధ్ర పల్లెలో కట్టెల పొయ్యి మీద వండిన మస్తానమ్మ అనే వృద్ధురాలి వంటలను 2016 నుంచి వీడియోలుగా పెట్టగా, 2018 డిసెంబరులో ఆమె కన్నుమూసే నాటికి లక్షలమంది అభిమానులయ్యారు. ఆమె వండినవి ఎక్కువగా మాంసాహారాలే. అయినా నేర్చుకోవలసిన సంగతి వేరే ఉంది. ఆమె దేనినీ అనుకరించలేదు. తన ఊరి వంట తాను వండింది, ప్రపంచమే వచ్చి చూసింది. పనసపొట్టుకూ, పచ్చి జీడిపప్పు కూరకూ ఆ యోగ్యత లేదని ఎవరనగలరు? ఊళ్లో చదువుకున్న అమ్మాయి ఒక్కతె, తన నాయనమ్మ చెయ్యి కదిలే తీరును, ఆవ ఎప్పుడు కలుపుతుందో ఆ క్షణాన్ని, ఫోనులో పట్టి దాచినా చాలు. లోకం చూడకపోయినా ఇంటి కోడలు చూస్తుంది.

చేయవలసినది ఇది

పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. సోంపేట, కవిటిలలో డయాలసిస్ సౌకర్యం ఉంది. అక్కడి వైద్యులు, ఆహార నిపుణులు ఉద్దానం సరుకు పేర్లతోనే, చోడి, పనస, కొబ్బరి, పొన్నగంటి అని పేరుపెట్టి, ఏ దశ రోగికి ఏది ఎంత అన్నది చిన్న చిన్న వీడియోలుగా చేసి పల్లెలకు పంపితే ఎంతో మేలు జరుగుతుంది. మహిళా సంఘాల సమావేశాల్లో అప్పుల వాయిదాల మాట అయ్యాక ఒక పావుగంట ఈ వంటల మాట పెట్టుకోవచ్చు. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు, ఫోనులో చూసిన సలహాను ఆమెకు చూపించి అడగడంలో నామోషీ లేదు.

ఇల్లాలు కూడా ఒక చిన్న నియమం పెట్టుకోవాలి. వంట చేసే తీరు ఫోనులో చూడవచ్చు. సరుకు పెరట్లోంచి తీసుకోవాలి. ఉప్పు కొలత తానే వేయాలి. ఇంట్లో రోగి ఉంటే ఆ వంట పేరు డాక్టరు చెవిన వేయకుండా కంచంలో వేయకూడదు. చేపలు తినేవారిని మానమని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. నీచు లేని రోజు చప్పగా గడవనక్కరలేదనీ, అలాగని చూసిందల్లా వండనక్కరలేదనీ చెప్పడమే ఉద్దేశం.

అరవై కూరలు అరచేతిలోకి వచ్చాయి, సంతోషమే. కాని వడ్డించవలసింది ఫోనుకు కాదు, ఎదురుగా పీట మీద కూర్చున్న మనిషికి. ఆ మనిషి ఒళ్లు ఎరిగి వండిన కూరే కూర.