చెప్పకుండానే రాయించుకున్నాం

కొల్లేరు సరస్సు పక్కనున్న మా మండవల్లి చుట్టుపక్కల ఎవరి మాట వాళ్లు రాసుకోవడం ఎప్పుడో మానేశాం. చేపపిల్లలు అమ్మేవాళ్ల ఫేస్‌బుక్ పేజీకి విజయవాడలోనో హైదరాబాదులోనో కూర్చుని ఎవరో రాస్తారు. స్కూలు కరపత్రం, నాయకుడి పండగ శుభాకాంక్షలు, ఊరి అర్జీ, పెద్దకర్మ కార్డు, అన్నీ డబ్బిచ్చి రాయించుకునేవే. రాసేవాళ్లది తప్పనను. అది వాళ్ల బతుకుతెరువు. మనం చెప్పింది తక్కువైతే తతిమ్మాది వాళ్లు నింపక ఏం చేస్తారు? తప్పు మాది. మాది అంటే నాది కూడా. మా ఇంట్లో పెద్దకర్మకి కార్డు వేయించినప్పుడు షాపులో మోడళ్లు చూపించారు. ఒకదాని మీద వేలు పెట్టి, పేరూ తేదీలూ చెప్పి వచ్చేశాను. పోయిన మనిషి గురించి ఒక్క వాక్యం నేను రాయలేదు. రాయొచ్చు కదా అన్న ఆలోచనే, నిజానికి, కార్డులు పంచేశాక వచ్చింది.

చేపపిల్లల వ్యాపారం చేసే తెలిసినాయన తన పేజీ చూపించాడు. నీలి కెరటాల కొల్లేరు ఒడ్డున పెరిగిన పిల్లలట. కొల్లేట్లో కెరటాలెక్కడివి? లోతులేని నీళ్లు, గుర్రపుడెక్క, కిక్కిస, గట్లు, ఆ గట్ల మీద బురదలో దిగబడిన ట్రాక్టరు జాడలు. రాసినవాడు కొల్లేరు చూడలేదు. చూసినవాడు రాయలేదు. కట్ల, శీలావతి పిల్లల్ని చెరువులో వదిలే ముందు నీళ్లని అరచేతిలోకి తీసుకుని రంగు చూసే మనిషి ఆయన. ఆ ఒక్క సంగతి ఫోన్లో చెప్పినా ఆ పేజీ ఇంకోలా ఉండేది. చెప్పలేదు. నేనైనా ఆ మాట అనొచ్చు, అనలేదు. బాగుందండీ అన్నాను.

చదువు రానివాళ్లు ఇంకొకరి చేత రాయించుకోవడం మాకు కొత్త కాదు, ఆ మాటా ఒప్పుకోవాలి. నా చిన్నప్పుడు లంక ఊళ్ల నుంచి ఆడవాళ్లు ఇన్‌లాండు కవరు పట్టుకుని వచ్చేవాళ్లు, తాడేపల్లిగూడెంలో పనికి కుదిరిన కొడుక్కో, ఏలూరులో కాపురమున్న కూతురికో రాయించడానికి. అరుగు మీద కూర్చుని చెప్తుంటే చదువుకున్నవాడు రాసేవాడు. రాశాక ఊరికే తీసుకెళ్లేవాళ్లు కాదు. "ఏదీ, చదువు బాబూ" అనేవాళ్లు. "అలా కాదు. గేదె ఈనిందని ముందు రాయి, డబ్బు సంగతి తర్వాత" అని దిద్దించేవాళ్లు. చెయ్యి వేరొకరిది, మాట మాత్రం వాళ్లదే. బడి మొహం చూడని ఆ మనుషులు పట్టుబట్టిన దాన్ని చదువుకున్న మేం వదిలేశాం.

ఎక్కడ వదిలేశామో వెనక్కి వెళ్లి చూస్తే నాకు సొసైటీలు కనిపిస్తాయి. 1976లో, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, కొల్లేటి ఊళ్లలో సహకార సంఘాలు పెట్టి చేపల చెరువులు ఇచ్చారు. సభ్యులు మనవాళ్లే. మినిట్స్ బుక్కు మాత్రం రాయడం వచ్చిన ఎవరో ఒకరు రాసేవారు. పని మానుకుని కూర్చుని వినే తీరిక ఎవరికుంది? వేలిముద్ర వేస్తే సరిపోయేది. రానురాను ఆ చెరువులు లీజుల పేరుతో పెట్టుబడి ఉన్నవాళ్ల చేతుల్లోకి వెళ్లాయి. మోసపోయామని ఇప్పుడంటాం. కొంత నిజమే. కానీ ఏడాదికి ఇంతని ఇంటికి డబ్బు వస్తుంటే ఆ కాగితంలో ఏముందని అడిగిన ఇల్లు ఒక్కటీ నాకు గుర్తు లేదు. పదో తరగతి చదివిన కొడుకులు ఆ ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లూ అడగలేదు.

అభయారణ్యం వచ్చినప్పుడు ఆ అలవాటు ఖరీదు తెలిసింది. వన్యప్రాణి చట్టంలో ఒక మెట్టు ఉంది. ఒక ప్రాంతాన్ని అభయారణ్యం చెయ్యాలనుకుంటే కలెక్టరు ప్రకటన ఇస్తారు. అక్కడ హక్కులున్నవాళ్లు రెండు నెలల్లోగా తమ హక్కేమిటో రాతలో చెప్పుకోవాలి. వల కట్టే చోటు, మావులు పెట్టే కాలం, ఎండలకి నీళ్లు తీశాక దాళ్వా వేసే మెరకలు, గేదెలు మేసే బీడు, శవాన్ని మోసుకెళ్లే దారి. ఇవన్నీ మన పెద్దవాళ్ల నోట్లో ఉన్నాయి. కాగితం మీద లేవు. ఉన్న కాగితాలు ఎవరి మాటల్లోనో ఉన్నాయి. 1999 అక్టోబరులో 120వ నంబరు జీవో వచ్చింది. ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం. 2002లో కొల్లేరు అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు ఉత్తర్వు మీద పొక్లెయిన్లు వచ్చి గట్లు తెగ్గొట్టినప్పుడు కూడా, మా గోడు ఎవరూ వినలేదని ఏడ్చాం.

సరిగ్గా రాసి ఇస్తే గట్లు నిలిచేవని నేననడం లేదు. బహుశా నిలవకూడదు కూడా. ఆ గట్లతో కొల్లేరు ఊపిరాడక చచ్చిపోతోందన్నది అబద్ధం కాదు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు ఉప్పుటేరు పట్టి పోయే దారిని చెరువులతో అడ్డుకున్నది మనమే. దారి మూసుకుపోతోందని మొదట చూసిందీ మనమే. ఆ సంగతీ ఎవరం రాయలేదు. పర్యావరణం వాళ్లు వాళ్ల కొల్లేరు రాశారు, లీజుదార్లు వాళ్ల కొల్లేరు రాయించారు. రెండిట్లోనూ లంక మనిషి పేరు వాడుకున్నారు. వాడుకోనిచ్చాం.

2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకి కుదించమని శాసనసభ తీర్మానం చేసింది, అది జరగలేదు. కమిటీలు వచ్చాయి, వెళ్లాయి. 2025 జూన్‌లో సుప్రీంకోర్టు కేంద్ర సాధికార కమిటీ కొల్లేటికి వచ్చింది. ఈసారి చదువుకున్నవాళ్లు ఊరికి పదిమంది ఉన్నారు, అందరి చేతిలో ఫోన్లున్నాయి. అయినా కమిటీకి ఇవ్వడానికి అర్జీ కావాలంటే మేం వెళ్లింది డీటీపీ షాపుకే. అక్కడ కంప్యూటర్లో ముందే ఒక నమూనా ఉంది. పైన ఊరి పేరు మార్చి, కింద తేదీ మార్చి ఇచ్చారు. గట్టిగా రాసిన అర్జీ, చట్టం సెక్షన్లతో సహా. మా కాపీలో మూడో పేరా దగ్గర ఇంకో ఊరి పేరు అలాగే ఉండిపోయింది. సంతకం పెట్టేటప్పుడు నా కంట పడింది. బయట ఆటోలో మనుషులు తొందరపడుతున్నారు, మళ్లీ ప్రింటు తీయించాలంటే ఆలస్యమవుతుంది. పెట్టేశాను. నా తర్వాత పెట్టినవాళ్లలో చదవడం వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. కొందరైనా చూసే ఉంటారు. ఎవరం ఆ మాట ఎత్తలేదు.