ఉన్నత పాఠశాలలు: తల్లిదండ్రుల కర్తవ్యము

ఏటేట వేసవి వచ్చుచున్నది. పదవ తరగతి, ఇంటర్మీడియేట్ పరీక్షల ఫలితములు వెలువడుచున్నవి. ఆ మరునాడు వార్తాపత్రిక చేతబట్టినచో మొదటి పుటలో దేశవార్త కానరాదు. పుట నిండ చిన్నచిన్న ముఖములు, వాని క్రింద సంఖ్యలు. ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అని టెలివిజనులో దండోరా వేయుచుందురు. లోపలి పుటలో ఎక్కడనో యొక మూల నాలుగు పంక్తుల వార్త యుండును. ఫలితము చూచుకొని యొక బాలుడో, బాలికయో ప్రాణము విడిచినట్లు. మొదటి పుటను బిడ్డలకు చూపి చదివింతుము. లోపలి పుటను వారి కంటబడకుండ మడిచి పెట్టుదుము. ఈ రెండు వార్తలును ఒక్క పంటనుండియే వచ్చుచున్నవని చెప్పుటకు మనకు నోరు రాదు. మేము నేడు చెప్పదలచినది ఆ మాటయే.

2019వ సంవత్సరము ఏప్రిల్ మాసమున తెలంగాణములో జరిగినది మరచితిమా? ఆ యేడు తొమ్మిది లక్షలకు పైగా విద్యార్థులు ఇంటర్మీడియేట్ పరీక్షలు వ్రాయగా, మూడు లక్షలకు మించి తప్పినట్లు ప్రకటించిరి. కొలది దినములలో ఇరువది మందికి పైగా బిడ్డలు అసువులు బాసిరి. ఒక బాలికకు తెలుగులో సున్న వేసిరి. మరల దిద్ది చూడగా ఆమెకు వచ్చినవి 99. ఫలితముల తయారీలో లోపములు కలవని త్రిసభ్య సంఘము తేల్చెను. సున్నను తొంబదితొమ్మిదిగా దిద్దుటకు ఒక్క కాగితము చాలినది. పోయిన ప్రాణమును దిద్దుటకు ఏ పునఃపరిశీలనము చాలును? ఒక్కొక్క మరణమునకు కారణములు పెక్కులుండవచ్చును. కాని యంత్రము పొరపడునని, దిద్దువాడు పొరపడునని యెరిగియు, ఆ సంఖ్యనే బ్రహ్మవ్రాతగా బిడ్డలకు నేర్పినవారము మనమే.

దేశము మొత్తమున 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరని జాతీయ నేర గణాంకములు చెప్పుచున్నవి. అదే యేడు పరీక్ష తప్పుటయే కారణమని నమోదైన మరణములు 2,248. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. తప్పినవారే పోవుచున్నారనుకొనుట భ్రమ. ఉత్తీర్ణులగువారును, చక్కగా చదువుచున్నారని మనము మురియువారును, లోలోపల కుములుచున్నారు. కావున ఇది పరీక్షల సమస్య మాత్రమే కాదు. ఇంటి సమస్య, బడి సమస్య, మన సంఘము సమస్య.

సంఘములకును నివేదికలకును మనకు కొరతలేదు. ఉమ్మడి రాష్ట్రమున 2001లోనే కార్పొరేటు కళాశాలల విద్యార్థుల మరణములను విచారించుటకు నీరదారెడ్డి సంఘమును వేసిరి. 2017లో ఆంధ్రప్రదేశమున చక్రపాణి సంఘమును వేసిరి. విశాఖపట్టణమున 2023లో మరణించిన పదునేడేండ్ల బాలిక విషయమై ఆమె తండ్రి దేశపు అత్యున్నత న్యాయస్థానము మెట్లెక్కెను. 2025 జూలై 25వ తేదీన ఆ న్యాయస్థానము దేశమునకంతకును వర్తించు పదునైదు ఆదేశముల నిచ్చెను. నూరుగురు, అంతకు మించిన విద్యార్థులున్న ప్రతి విద్యాలయమును అర్హత గల మానసిక సలహాదారు నొకరినైనను నియమింపవలయును. మార్కులనుబట్టి బిడ్డలను వేర్వేరు గదులలో విభజించుట, నలుగురిలో అవమానించుట, శక్తికి మించిన లక్ష్యములు పెట్టుట సాధ్యమైనంత వరకు మానవలయును. తల్లిదండ్రులకు తరచుగా సభలు జరిపి, బిడ్డలపై మితిమీరిన యొత్తిడి తగదని బోధింపవలయును. చూచితిరా! తల్లిదండ్రులకు బిడ్డలను ప్రేమించు విధము చెప్పుటకు సుప్రీంకోర్టు దిగిరావలసి వచ్చినది. ఇంతకంటె మనకు సిగ్గుచేటు వేరొకటి కలదా?

ప్రభుత్వములను నిందింతుము, అది న్యాయమే. కళాశాలల యజమానులను నిందింతుము. అది మరింత న్యాయము. కాని అంగడికి పోయి బేరమాడినవాడు అంగడివానినే తిట్టి యింటికి వచ్చుట మర్యాద కాదు. ఈ పఠనమందిరమున కూర్చుండి యీ పుట చదువుచున్న ప్రతి తండ్రిని మేము మూడు ప్రశ్న లడుగుచున్నాము. మీ బిడ్డ తరగతి ఉపాధ్యాయుని పేరేమి? వాని ప్రక్కన కూర్చుండు స్నేహితు డెవడు? వానికి ఏ పాఠమన్న భయము? ర్యాంకు ఎంతయని యడిగినచో తడుముకొనక చెప్పగలరు. ఈ మూడింటికిని తడుముకొనువారు మనలో ఎందరు! ర్యాంకు తెలిసి బిడ్డ తెలియని తండ్రిని తండ్రి యనవచ్చునా, ఫీజు కట్టువాడనవలయునా?

ఒకనాడు పాఠశాల యనగా ఊరివారి సొంత వ్యవహారము. 1910లో బందరున కోపల్లె హనుమంతరావుగారు, వారి మిత్రులు ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించినప్పుడు పుస్తకవిద్యతోపాటు చేతిపనియు నేర్పవలెనని సంకల్పించిరి; ప్రజలు విరాళములిచ్చి దానిని నిలిపిరి. బిడ్డలకు ఏమి నేర్పవలెనో పెద్దలు కూర్చుండి యోచించిరి. నేడు చట్టమే మనకు పీట వేసి పిలుచుచున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము, ప్రభుత్వ సహాయము పొందని ప్రైవేటు బడులను మినహాయించి, ప్రతి పాఠశాలకును యాజమాన్య సంఘ ముండవలెనని, అందు నాలుగింట మూడు పాళ్లు తల్లిదండ్రులును సంరక్షకులును, సభ్యులలో సగము స్త్రీలు నుండవలెనని శాసించినది. బడి నడకను చూచుట, అభివృద్ధి ప్రణాళిక వేయుట, ధనము సద్వినియోగమగుచున్నదో లేదో కనిపెట్టుట వారి పని. ఎనిమిదవ తరగతివరకే ఆ చట్టమైనను, మన హైస్కూళ్లలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు కూడ నున్నవి గదా. తెలంగాణములో 2024లో తల్లులతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలను ఏర్పరచిరి. ఆంధ్రప్రదేశమున 2024 డిసెంబరు 7వ తేదీన ఒక్కదినమే ప్రభుత్వ పాఠశాలలన్నింట తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశములు జరిపిరి. మంచిదే. కాని ఒకనాటి పండుగ ఏడాది కాపురము కాదు. ఆ సభలో ముగ్గులు చూచి, భోజనము చేసి, ఫొటో దిగి వచ్చినవారు, మరునెలలో అదే బడికి పోయి లెక్కల మాస్టరు ఖాళీ ఎప్పుడు నింపుదురని యడిగిరా? బాలికల మరుగుదొడ్డికి నీరు వచ్చుచున్నదా యని చూచిరా? పట్టణవాసులమైన మనము ఆ గడపయే తొక్కము. పెరటి చెట్టు మందుకు రాదను సామెతను మన వీధి హైస్కూలుపై రుజువు చేయుచున్నాము. చెట్టునకు నీరు పోయక ఎండగట్టి, ఎండినదని నిందించుచున్నాము.

మా మాటలకు రెండు ఆక్షేపణలు వచ్చునని యెరుగుదుము. మొదటిది: మొక్కై వంగనిది మ్రానై వంగునా? ఈ వయస్సుననే కష్టపెట్టవలెను గదా యని. అయ్యా, వంచుట వేరు, విరుచుట వేరు. పదమూడు మొదలు పదునెనిమిదేండ్ల వరకు బిడ్డకు రాత్రి ఎనిమిది మొదలు పది గంటల నిద్ర కావలెనని వైద్యులు చెప్పుచున్నారు. తెల్లవారకముందే లేపి, రాత్రి పది దాటువరకు బల్లముందు కూర్చుండబెట్టి, ఆటస్థలము లేని మేడలో, ఆదివారమునను పరీక్ష పెట్టు హాస్టళ్లు మన పట్టణములలో ఎచ్చట లేవు? సేద్యగాడు ఎద్దునైనను పగలెల్ల దున్నించి రాత్రి విడుచును. నిద్రలేని మెదడు నేర్చినది నిలుపుకొనలేదు. కావున ఇది క్రౌర్యము మాత్రమే కాదు, తెలివితక్కువ బేరము కూడ.

రెండవది బరువైన ఆక్షేపణ. అర యెకరము అమ్మి, నగలు కుదువబెట్టి చదివించు పేదతండ్రి, తన బిడ్డ తనవలె మట్టి పిసుకరాదని కోరుట తప్పా? తప్పు కాదు. ఆ ఆశకు మేము చేయెత్తి నమస్కరింతుము. ఆ యాశను అమ్ముకొను అబద్ధమునే మేము ఖండించుచున్నాము. ఇంజనీరు, వైద్యుడు అను రెండే ద్వారములున్నవని, అవి పదునారవ యేట తెరవకున్న జన్మము వ్యర్థమని చెప్పుటయే ఆ యబద్ధము. పదవ తరగతి తప్పినవారికి ఆ వేసవిలోనే మరల పరీక్ష పెట్టుచున్నారు. అందు నెగ్గినవారికి ఏడాది పోదు. ఇంటర్మీడియేట్‌కును అట్లే కలదు. పాలిటెక్నిక్కులు, ఐ.టి.ఐ.లు, వ్యవసాయ డిప్లొమాలు, సార్వత్రిక విద్యాపీఠములు కలవు. 2008లో నెలకొల్పిన బాసర, నూజివీడు, ఇడుపులపాయ విద్యాలయములు పల్లెల బిడ్డల కొరకే, పదవ తరగతి మార్కులనుబట్టి చేర్చుకొనుటకు పుట్టినవి. ద్వారములు పెక్కులు. వానిని చూపువారే కరవు.

ఇక కర్తవ్యమును గూర్చి. మొదటిది, మార్కులనుబట్టి బిడ్డలను గదులుగా విడదీయు విద్యాలయమున చేర్పకుడు. చేర్పవలసి వచ్చినచో పదిమంది తల్లిదండ్రులు కలసి పోయి, సుప్రీంకోర్టు ఆదేశమును చూపి, సలహాదారు ఎక్కడయని యడుగుడు. ఒక్కడడిగిన విసుగు, పదిమంది అడిగిన లెక్క. రెండవది, మీ వీధి ఉన్నత పాఠశాల సంఘములో సభ్యులు కండు, నెలకొకసారి పోవుడు. మీ బిడ్డ అచ్చట చదువకున్నను పొరుగువాని బిడ్డ చదువుచున్నాడు. మూడవది, రాత్రి భోజనమున బిడ్డతో కూర్చుండి, మార్కుల మాట యెత్తక మాటలాడుడు; ముందు మీ చేతిలోని సెల్‌ఫోను క్రిందబెట్టుడు. బిడ్డ ఎదురాడునని కోపింపకుడు. ఆ వయస్సున ఎదురాడుట ఎదుగుటలో భాగము. నాలుగవది, బిడ్డ నిద్రాహారములు మాని, స్నేహితులకు దూరమై, నేను లేకున్న మీకు బాగుండునని యన్నచో, అది నటనమని కొట్టివేయకుడు. చనిపోవలెనని తోచుచున్నదా యని సూటిగా, ప్రేమతో అడుగుడు. అడిగినందున ఆ తలంపు పుట్టదు; మనసులోని భారము దిగును. బిడ్డను ఒంటరిగా విడువక వైద్యుని కడకు కొనిపోవుడు. ఏ వేళనైనను 14416 అను సంఖ్యకు ఫోను చేసిన రుసుము లేకయే మానసిక సహాయము లభించును. ఆ సేవను కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరున ప్రారంభించినది. దానిని ప్రతి బడిగోడపైనను వ్రాయింపుడు. నలుగురేమనుకొందురో యని దాచకుడు. ఆ నలుగురు పాడె మోయుటకు వత్తురు గాని, పోయిన బిడ్డను తెచ్చి యియ్యరు.

పదునారేండ్లు నిండిన కుమారుని మిత్రునివలె చూడవలెనని మన పెద్దలు ఏనాడో చెప్పిరి. కుమార్తెను కూడ అని మేము చేర్చుచున్నాము. మిత్రునిపై పందెము కాయువాడు మిత్రుడు కాడు. జాతిసంపద యనగా గనులు, ఆనకట్టలు మాత్రమే కాదు. రేపు ఆ యానకట్టలను నిలుపవలసిన చేతులు నేడు తొమ్మిదవ, పదవ తరగతి బల్లలపై నున్నవి. వచ్చు వేసవి ఫలితముల నాడు మీ బిడ్డ మీ ముఖము చూచును. సంఖ్యకంటె ముందు ఆ ముఖమునే చదువును. ఆనాడు అందు ఏమి వ్రాసియుండవలెనో నేడే నిశ్చయించుకొనుడు.