సున్నం కింద అక్షరాలు

మనకు దొరికిన రాతల్లో బెంగళూరు అన్న పేరు మొట్టమొదట కనిపించేది ఒక చావు రాతిమీద. బేగూరులోని ఆ వీరగల్లు తొమ్మిదో శతాబ్దం చివరి నాటిది. బెంగళూరు యుద్ధంలో చచ్చిపోయిన ఒక మనిషి కోసం నిలబెట్టింది. భాష హళెగన్నడం. అది మనదని నేననడం లేదు. ఒకడి చావును ఎవరో రాతిమీద రాసిపెట్టబట్టే ఇంత పెద్ద ఊరి పేరుకు సాక్ష్యం మిగిలిందంటున్నాను.

మరి మన తాతల చావుల మాటేమిటి?

వర్తూరు, బెళ్ళందూరు, సర్జాపుర వైపు, ఆనేకల్లు వైపు తెలుగు కుటుంబాలున్న పల్లెల్లో తోట మూలన సమాధి కట్టుకోవడం ఆనవాయితీ. ఒక కట్ట, తలవైపు ఒక బండ, దాని మీద పేరు, తండ్రి పేరు, పోయిన రోజు. ఇప్పుడా తోటలు లేఔట్లయినాయి. నాకు చుట్టరికమున్న ఒక తోటలో ఏడు సమాధులుండేవి. అమ్మకమైన ఏడాదికి పోయి చూస్తే రెండున్నాయి. ఒక బండ కూలివాళ్ళ షెడ్డు ముందర బట్టలుతికే రాయయింది. రాత ఉన్న వైపే పైకుంది, సబ్బు నురగ కింద. కాంట్రాక్టరును తిట్టి ఏం లాభం? ఆయనకది రాయి. అమ్మినవాళ్ళకు ముత్తాత. క్రయపత్రంలో సర్వే నంబరుంది, చదరపుటడుగులున్నాయి, ముత్తాత పేరు మాత్రం లేదు.

1905లో రెండు పుస్తకాలు అచ్చయినాయి. బెంగళూరులోనే పుట్టిన బి.ఎల్. రైస్ దొర ఎపిగ్రాఫియా కర్ణాటికాలో బెంగళూరు జిల్లా శాసనాల సంపుటం వేశాడు. అదే ఏడు మద్రాసులో జె.జె. కాటన్ అనే ఇంకో దొర సమాధుల మీది రాతల జాబితా వేశాడు. అందులో ఎక్కువ భాగం తెల్లవాళ్ళవే. రాజు భూమి దానమిస్తే రైస్ రాసుకున్నాడు, దొర చచ్చిపోతే కాటన్ రాసుకున్నాడు. రాగిచేను దున్నుకున్నవాడికి, మగ్గం నేసుకున్నవాడికి ఎవరున్నారు? 2021 నుంచి మిథిక్ సొసైటీ వాళ్ళు బెంగళూరు చుట్టుపక్కల శాసనాలను త్రీడీ స్కానింగ్ చేయిస్తున్నారు. దండం పెట్టదగిన పని. కానీ నిన్నమొన్న పోయిన మన తాత బండ శాసనం కిందికి రాదు. అది మనమే రాసుకోవాలి.

మన సభల్లో ఏం జరుగుతుంది? కెంపేగౌడ వంశం పేరిట తెలుగు యక్షగానం ఉందని ప్రతి వక్తా గుర్తుచేస్తాడు, చప్పట్లు పడతాయి. ఆ కెంపేగౌడ సమాధి మాగడి దగ్గర కెంపాపురంలో ఉందని, దాని మీది రాత చదివి గుర్తుపట్టింది 2015లో. అంతటివాడి సమాధికే నాలుగు వందల ఏళ్ళు దాటి పట్టింది. మన సుబ్బమ్మల, మునిరెడ్డిల గతి చెప్పాలా?

"చాలా బండల మీద కన్నడ అక్షరాలే కదండీ, అవి మనవెట్లా అవుతాయి?" అని ఒక పెద్దమనిషి నన్నడిగాడు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం అయినవాళ్ళు బడిలో నేర్చిన అక్షరాలే చెక్కించుకున్నారు. రెండు లిపులూ ఒక తల్లి బిడ్డలే. తలకట్టు వంపు చూసి తాతను కాదనుకునే వాళ్ళను ఏమనాలో నాకు తెలియడం లేదు. అసలు మనం ఈ నేల మీద ఎట్లా బతికామో చెప్పేవి కన్నడ లిపిలో తెలుగు పేరున్న ఆ బండలే. వాటిని వదిలేసి జనాభా లెక్కల శాతాలు పట్టుకుని ఊరేగుతున్నాం.

తొందర ఎందుకంటే ఇంకోటుంది. పాత బండల మీద చాలాసార్లు అంకెలుండవు, సంవత్సరం పేరు మాత్రమే ఉంటుంది. 'విభవ' అని ఉందనుకోండి. అది 1868 కావచ్చు, 1928 కావచ్చు, 1988 కావచ్చు. అరవై ఏళ్ళకొకసారి అదే పేరు తిరిగొస్తుంది. అందులో ఏది నిజమో రాయి చెప్పదు. "మా అత్త కాపరానికొచ్చిన ఏడు ఆయన పోయినాడు" అనే ముసలమ్మ చెప్పాలి. ఆమె కూడా పోతే అక్షరాలు చెక్కుచెదరకుండా ఉన్నా మనిషి అరవై ఏళ్ళు అటో ఇటో జారిపోతాడు. కాబట్టి ముందు అవ్వ దగ్గర కూర్చోండి, తరవాత రాయి దగ్గరికి పోండి.

పనికి పండితులక్కర్లేదు. ఏటా పెద్దల అమావాస్యకు భక్తిగా కొట్టిన సున్నమే అక్షరాలను పూడ్చేసింది. దాన్ని ఇనుప బ్రష్షుతో గీకవద్దు, యాసిడ్ పొయ్యవద్దు. నీళ్ళు, మెత్తని కుచ్చు, ఓపిక చాలు. మిట్టమధ్యాహ్నం కనిపించని అక్షరం పొద్దున ఏటవాలు ఎండలో లేచి నిలబడుతుంది. ఫోటో అప్పుడు తియ్యండి. ఏ వరుస ఆ వరుసగా, తప్పు ఉంటే తప్పుతోనే కాగితం మీద రాయండి. 'రామప్ప' అని ఉన్నదాన్ని 'రామప్ప గారు' చెయ్యవద్దు, చెరిగినచోట చుక్కలు పెట్టండి, ఊహించి నింపవద్దు. ఊరు, సర్వే నంబరు, వివరం చెప్పిన మనిషి పేరు కింద రాయండి.

సమాధి రాత చదవడం అపశకునమని కొందరంటారు. అమ్ముకున్నప్పుడు అడ్డురాని శకునం చదివితే అడ్డొస్తుందా?

ఈ పత్రిక వాళ్ళను నేనడిగేది నెలకు అరపేజీ. పద్యాలకు, సన్మానాల ఫోటోలకు ఇంత చోటిస్తున్నారు, ఒక్కో నెల ఒక్కో బండ రాత ఉన్నదున్నట్టు అచ్చువెయ్యండి. మొదటి మూడు నెలలకు సరిపడా నా దగ్గరున్నాయి, ఈ వారమే ఇస్తాను. మిగతావి పాఠకులు పంపాలి, మహాలయ అమావాస్యకు సున్నం కలపకముందే.